ఊళ్ళో ఎవరూ పట్టించుకోని చోట్ల పాత నాణేలు: మన డెల్టాలో ఎక్కడ వెతకాలి?

రేవుగట్టు (రాజమండ్రి)

మిత్రులకు నమస్కారమండి. మెటల్ డిటెక్టర్ చేతికి రాగానే చాలామంది చూపు కోట దిబ్బల మీదికీ, పాడుబడ్డ గుళ్ళ మీదికీ పోతుంది. అక్కడ కాలు పెట్టకూడదు, చట్టం ఊరుకోదు. నేను రాయాలనుకున్నది నడి ఊరి గురించి. మన పట్నాల్లో రోజూ తొక్కుకుంటూ పోయే నేలలోనే నాలుగైదు తరాల చిల్లర పడి ఉంది. దాని జోలికి పోయేవాళ్ళే లేరు.

రొండిన దోపుకున్న డబ్బూ, కొంగున ముడేసుకున్న డబ్బూ తీసి చెల్లించే ప్రతిచోటా ఒకటో అరో జారిపోయేవి. వారం వారం సంత జరిగిన మైదానం, బల్లకట్టు ఎక్కే రేవు, పడవలు ఆగే కాలవ గట్టు, టూరింగు టాకీసు వేసిన ఖాళీ జాగా, జట్కాలు నిలబడే మలుపు. ఇప్పుడు అక్కడ చెత్త తొట్టో, ట్రాన్స్‌ఫార్మరో, టీ బండో ఉంటుంది. అందుకే ఎవరి కన్నూ పడదు.

అయితే డెల్టాలో ఒక చిక్కుంది. మనది పల్లం. ఇల్లు కట్టినా, బడి కట్టినా, రోడ్డు వేసినా ముందు మెరక చేస్తారు. రెండు మూడు అడుగుల మెరక కింద పడిన అణా బిళ్ళ మన మిషన్లకి అందదు. మామూలు మిషను పావు అణా (మన కానీ బిళ్ళ) అంత నాణేన్ని జానెడు లోతులో పట్టిందంటే బాగా పనిచేసినట్టే.

అందుకని నేను మిషను ఆన్ చేసే ముందు మట్టి చూస్తాను. పైన ఎర్రగా కంకర కనబడితే అది మెట్ట నుంచి లారీ ఎక్కి వచ్చిన గ్రావెల్. ఈ ఊరి సంగతులేవీ అందులో ఉండవు. పైగా ఎర్రమట్టిలో ఇనుము పాలు ఎక్కువ కాబట్టి మిషను ఊరికే గొణుగుతుంది. తడిస్తే జిగటగా ఆరితే పగుళ్ళిచ్చే నల్లమట్టో, బూడిదరంగు ఒండ్రో పైకే కనబడుతుంటే అక్కడ ఆగుతాను. ఊళ్ళో అలాంటివి ఇంకా మిగిలే ఉన్నాయి. పెద్ద రావిచెట్ల మొదళ్ళు చూడండి, చెట్టు చచ్చిపోతుందని మొదలు చుట్టూ మెరక వెయ్యరు. పాత ప్రహరీకీ రోడ్డుకీ మధ్య మిగిలిపోయిన మూరెడు పట్టీ చూడండి. కాలవ గట్టు లోపలి వాలు, పాతకాలపు మండువా ఇళ్ళ దొడ్లు కూడా అంతే.

మీ మీ ఊళ్ళల్లో ఇలాంటి చోట్లు ఏమున్నాయో, ఏమేం దొరికాయో రాయండి.

చిల్లుకానీ (అమలాపురం)

చాలా మంచి మాట ఎత్తారండి. మెరక సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. మా వీధిలో పాత ఇళ్ళ గుమ్మాలు ఇప్పుడు రోడ్డుకి కిందున్నాయి, వానొస్తే నీళ్ళు లోపలికే. అంటే మా తాతల నాటి వీధి నడుం లోతున ఉందన్నమాట.

నాకు ఎక్కువగా దొరికేది నా పేరులో ఉన్నదే. 1943 నుంచి 1947 దాకా వేసిన చిల్లు కానీ, ఆరో జార్జి కాలంది. యుద్ధం రోజుల్లో లోహం పొదుపు చెయ్యడానికి నడిమిన చిల్లు పెట్టారు. మొలతాడుకి గుచ్చుకోవడానికి వీలు కాబట్టి పిల్లల మొలకి కూడా కట్టేవారు. తాడు తెగితే పోయేది. అందుకే బజారులో కంటే ఇళ్ళ దొడ్లల్లో, నూతి చప్టాల పక్కన ఎక్కువ కనబడుతుంది.

వెండి రూపాయి మాత్రం ఆశించకండి. ఆ రోజుల్లో రూపాయంటే కూలీవాడికి రోజుల తరబడి రెక్కల కష్టం. పోగొట్టుకున్నవాడు ఇల్లూ వాకిలీ జల్లెడ పట్టి దొరికేదాకా వెతికేవాడు. నేలలో మిగిలిపోయింది కానీలూ దమ్మిడీలే.

తణుకు కుర్రోడు

అన్నయ్యలూ, నేను ఈ మధ్యే మిషను తెప్పించుకున్నాను. మా ఊళ్ళో పాత సంత జాగాలో తిప్పితే సీసా మూతలూ, గుట్కా పొట్లాల రేకులూ తప్ప ఏమీ రావట్లేదు. రేకు శబ్దాలు రాకుండా సెట్టింగ్ పెట్టేశాను. ఇప్పుడు మిషను కూతే లేదు. ఏం చెయ్యమంటారు?

చిల్లుకానీ (అమలాపురం)

తమ్ముడూ, ఆ సెట్టింగ్ ముందు తీసెయ్యి. రేకుతో పాటు అణాలు కూడా పోతున్నాయి నీకు. అంచు వంకీలు వంకీలుగా ఉండే అణా బిళ్ళా, 1918 నుంచి వచ్చిన చదరపు బేడా (రెండణాల బిళ్ళ) రాగి, నికెల్ కలిపిన లోహంతో చేసినవి. ఆ మిశ్రమం కరెంటుని అంత బాగా పోనివ్వదు, అందుకని మిషను మీద అంకె తక్కువ చూపిస్తుంది. సరిగ్గా అల్యూమినియం రేకు చూపించే అంకే. రాగి కానీలూ వెండీ పై అంకెల్లో ఉంటాయి. రేకు వద్దనుకుంటే 1907 తర్వాతి అణాలన్నీ వద్దనుకున్నట్టే.

ఇంకో సంగతి. పాత బజారులో మేకులు లెక్కలేనన్ని. పెద్ద కాయిల్ (మిషను అడుగున ఉండే చక్రం) కింద ఒక నాణెం, నాలుగు మేకులు ఒకేసారి పడితే మేకే గెలుస్తుంది. అరచేయంత చిన్న కాయిల్ వేసి, నత్తనడకన తిప్పు. మేకుల మధ్యలో తెగిపోతూ తెగిపోతూ ఒక సన్నని మంచి కూత వస్తుంది. అటు నుంచి ఒకసారి, దానికి అడ్డంగా ఇటు నుంచి ఒకసారి తిప్పి, రెండువైపులా వస్తే తవ్వు.

లాకులకాడ (రామచంద్రపురం)

రేవుగట్టు గారూ, కాలవ గట్టు అన్నారు కాబట్టి నా అనుభవం రాస్తాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. కాటన్ దొర ఆ కాలవలు తవ్వించింది సాగుకి మాత్రమే కాదు, పడవలకి కూడా. బస్సులు బలపడేదాకా మన డెల్టాకి కాలవే రోడ్డు. బియ్యం, కొబ్బరి, బెల్లం, మనుషులు అంతా పడవ మీదే. కృష్ణా కాలవలూ బకింగ్‌హామ్ కాలవా కలిశాక కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటి మీదే పోయే దారి ఏర్పడింది. లాకుల దగ్గర తలుపులు మూసి నీటిమట్టం సమానం అయ్యేదాకా పడవలు ఆగాలి. వరసలో పది పడవలుంటే పూటంతా అక్కడే. జనం గట్టు మీదికి దిగి ఇడ్లీలూ పకోడీలూ కొనుక్కునేవారు, చుట్ట కాల్చుకునేవారు, కిరాయి దగ్గర పేచీ పడేవారు. మా అమ్మమ్మ ఈ సంగతులన్నీ కళ్ళకి కట్టినట్టు చెప్పేది.

ఇప్పుడా లాకుల్లో చాలావాటి దగ్గర తుప్పు పట్టిన చక్రాలూ, రాతి గోడలూ, తుమ్మ చెట్లూ మిగిలాయి. ఊరు పెరిగి చుట్టూ కమ్మేసింది. అయినా గట్టు మీద మెరక వెయ్యలేదు.

మా దగ్గర ఒక లాకుల పక్కన, రాతి మెట్లకి ఎగువన, నిద్రగన్నేరు చెట్టు కింద బొత్తిగా గడ్డి కూడా మొలవని జాగా ఉంది. కాలవల సెక్షనాఫీసులో కాగితం రాసిచ్చి, కాలవ కాపలా చూసే లస్కరు గారు పక్కన ఉండగానే తిప్పాను. మొదట అన్నీ మేకులే. తర్వాత రెండువైపులా నిలకడగా ఒక కూత. తాపీతో మూడు వైపులా కోసి మట్టిపెళ్ళని తలుపు తీసినట్టు తిరగేశాను. పెళ్ళ అడుగున ఏమీ లేదు. గుంట పక్క గోడలో, అరచెయ్యి లోతున, నల్లమట్టిలో గీత గీసినట్టు ఒక ఆకుపచ్చ అంచు నిలువుగా ఉంది. వేలితో నెట్టితే ఊడి వచ్చింది. మట్టి దానంతటదే రాలింది. రెండు సింహాలు జెండాలు పట్టుకుని అటొకటి ఇటొకటి, నడుమ ఈస్టిండియా కంపెనీ డాలు, అడుగున 1835. రెండో వైపు దండ మధ్యలో ఇంగ్లీషు, పారసీ అక్షరాలు. కంపెనీ వారి పావు అణా, మన కానీ. ముఖం అరిగి సింహాల జూలు నున్నబడిపోయింది.

ఆలోచించండి. ఆ నాణెం మీది తారీఖు 1835 నాటికి ఆ కాలవే లేదు. అది ఎన్ని చేతులు మారి, ఎంత అరిగి, కాలవ వచ్చాక ఆ గట్టు మీద పడిందో. చెలామణిలో నాణేలు అరవై డెబ్బై ఏళ్ళు తిరిగేవి. కాబట్టి నాణెం మీది సంవత్సరం చూసి ఆ చోటు అంత పాతదనుకోకూడదు. పక్కనే దొరికిన, అంతకంటే చాలా తర్వాతి ఎడ్వర్డు రాజు కాలం దమ్మిడీ ఆ గట్టు వయసుని ఇంకా సరిగ్గా చెబుతుంది.

నాణేల మాస్టారు (భీమవరం)

బాబూ లాకులకాడా, ఆ చివరి మాట బంగారం లాంటి మాట. ముప్పై ఏళ్ళు బళ్ళో చరిత్ర చెప్పాను, పిల్లలకి ఇదే అర్థమయ్యేలా చెప్పడానికి తిప్పలు పడేవాణ్ణి. నాణెం ఒక్కటీ తీసి జేబులో వేసుకుంటే అది వస్తువు. ఏ చోట, ఎంత లోతున, ఏ మట్టిలో, పక్కన ఇంకేమున్నాయో రాసుకుంటే అది ఆధారం. కాబట్టి అందరూ ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఫోనులో చోటు గుర్తు పెట్టుకోండి. నాణెం ఒక్కొక్కటీ విడి కవరులో వేసి పైన అంకె వెయ్యండి. అది చెయ్యని రోజు మిషను తీసుకెళ్ళకండి.

తారీఖు పట్టుకోవడానికి గుర్తులు కొన్ని. విక్టోరియా బొమ్మ పక్కన క్వీన్ అని ఉంటే 1876 వరకు, ఎంప్రెస్ అని ఉంటే 1877 నుంచి. కంపెనీ పేరుంటే 1862కి ముందరి నమూనా. కానీలు 1906 దాకా రాగివి, ఆ తర్వాత పల్చని కంచువి, తూకంలో తేడా తెలుస్తుంది. 1835కి ముందు మన ప్రాంతంలో మద్రాసు ప్రెసిడెన్సీ కాసులూ, డబ్బు అనే పేరున్న నాణేలూ నడిచాయి. 1803, 1808 తారీఖుల 10 కాసులు, 20 కాసులు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో కొట్టించి ఓడల్లో పంపారు. అలా వస్తున్న అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809లో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుక మేటల మీద మునిగిపోయింది. 1980ల్లో ఆ సరుకు పైకి తీశారు. ఇప్పుడు అంగళ్ళల్లో కనబడే 1808 కాసుల్లో చాలావరకు ఆ ఓడవే, మన నేల తాకనివి. మన మట్టిలోంచి వచ్చిన 20 కాసు అరిగి, గుంటలు పడి, నల్లగా ఉంటుంది. నాకైతే అదే ముద్దు.

యానాం గాలి

మాస్టారూ నమస్తే. మా యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ళే కదా. పుదుచ్చేరి టంకశాల రాగి దుడ్డులు మా వైపు ఎవరికైనా దొరికాయా? ఒకవైపు ఫ్రెంచి రాజుల కలువ పువ్వు, రెండో వైపు అరవంలో పుదుచ్చేరి అని ఉంటుంది. 1836, 1837లో కోడిపుంజు బొమ్మతో కూడా వేశారు.

నాణేల మాస్టారు (భీమవరం)

నేలలో దొరికింది నేను కళ్ళారా చూసింది లేదు బాబూ. దొరికితే మాత్రం చోటు రాయడం మరిచిపోకు. యానాంలో దొరకడం ఒక సంగతి, అవతల ఇంజరంలో దొరకడం ఇంకో సంగతి. ఇంజరం ఇంగ్లీషు కంపెనీ బట్టల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. రెండు కంపెనీల చిల్లర ఏటి ఒడ్డున ఎంతదాకా కలిసి నడిచిందో అలాంటి ముక్కలే చెబుతాయి.

జగన్నాథపురం వాసి (కాకినాడ)

మాది డచ్చివాళ్ళ పేట. 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పేదాకా వాళ్ళదే. మా వీధిలో ఒక పాత పెంకుటిల్లు పడగొడుతుంటే, ఆ ఇంటాయన మాకు తెలిసినవాడే, అరుగు కింది మట్టి మీద మిషను తిప్పనిచ్చాడు. అరుగులు కట్టేటప్పుడు లోపల ఊరి మట్టే పోస్తారు కదా. అందులో ఒక చిన్న రాగి బిళ్ళ వచ్చింది. ఒకవైపు వి అక్షరం పెద్దగా, దాని రెండు చేతుల మీద ఓ, సి. రెండో వైపు కిరీటం పెట్టిన డాలు. తారీఖులో మొదటి రెండంకెలు 17, మిగతావి అరిగిపోయాయి. డచ్చి కంపెనీ వేసిన డ్యూట్ అనే చిల్లర నాణెం అని చెప్పారు తెలిసినవాళ్ళు. ఇంటాయనకే ఇచ్చేశాను, ఫోటో నా దగ్గరుంది.

నా మాట ఏమిటంటే, పడగొట్టే ఇళ్ళ మీద కన్నేసి ఉంచండి. అపార్టుమెంటుకి గొయ్యి తీసి ఆ మట్టిని ట్రాక్టరు మీద ఎక్కడికో తోలేసేలోగా ఒక పూటో రెండు పూటలో ఖాళీ దొరుకుతుంది. యజమానిని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. సముద్రం దగ్గర మాత్రం కష్టం. ఉప్పుటేరు పక్క తడి నేల మీద మామూలు మిషను ఉప్పుకే కూస్తుంది. అంతర్వేది, నరసాపురం తీరంలో నల్ల ఇసుక పొరలున్నచోట ఇనుప ఖనిజం వల్ల ఇంకా గోల. అక్కడ ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల మీద పనిచేసే మిషను ఉంటేనే వెళ్ళండి.

శాసనాలక్క

అందరూ చాలా బాగా రాస్తున్నారు. అయినా చట్టం సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. పురావస్తు రంగంలో పనిచేసే దాన్ని, ఈ విషయంలో మొహమాటం పెట్టుకోను.

1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దాగి ఉన్నది ఏదైనా, దాని విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాళ్ళు కలెక్టరుకి రాసి తెలియజెయ్యాలి. ఏం దొరికింది, ఎంత విలువ, ఎక్కడ, ఏ రోజున అన్నవి అందులో ఉండాలి. వస్తువుని ఖజానాలో జమ చెయ్యాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తామని హామీ ఇవ్వాలి. చెప్పకుండా దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. వాటా కూడా పోతుంది. సొంతదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు అని ఆ చట్టమే చెబుతోంది. అంటే సరిగ్గా చెప్పినవాళ్ళకి అన్యాయం చేసే చట్టం కాదు.

రక్షిత ప్రాంతాల జోలికి అసలు పోవద్దు. కోనసీమలో ఆదుర్రు బౌద్ధ స్తూపం దిబ్బ లాంటివి పురావస్తు శాఖ కింద ఉన్నాయి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణమే నిషేధం, ఆ పైన 200 మీటర్లు నియంత్రణలో ఉంటుంది. అలాంటి నేలలో తాపీ పెట్టడం ఎలా కుదురుతుందో మీరే చెప్పండి. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు, దేశం బయటికి పంపకూడదు.

ఇంకొకటి. ఒక్క నాణెం జారి పడటం వేరు, ముంతలో దాచిపెట్టినది వేరు. ఒకేచోట రెండు మూడు బంగారువో వెండివో నాణేలు అంటుకుని కనబడ్డాయా, కుండ పెంకు తగిలిందా, వెంటనే ఆపెయ్యండి. మీ చెయ్యి పడితే ఏది పైన ఉంది, ఏది అడుగున ఉంది అన్న సమాచారం పోతుంది. ధవళేశ్వరంలో దొరికిన తూర్పు చాళుక్య, చోళ బంగారు నాణేలు మద్రాసు మ్యూజియానికి చేరి, పండితులు వాటి మీద పనిచెయ్యగలిగారు కాబట్టే మనకి అవి తెలుసు. ఎవరో కరిగించేసి ఉంటే అవి ఉండేవే కావు.

తణుకు కుర్రోడు

అక్కా, చదివితే భయం వేస్తోంది. చిల్లు కానీ దొరికినా కలెక్టరాఫీసుకి వెళ్ళాలా?

శాసనాలక్క

భయపడక్కర్లేదు తమ్ముడూ. చట్టంలో మాట 10 రూపాయల విలువ. అరిగిపోయిన మామూలు కానీ ఒకటి దొరికితే దాని విలువ ఎంతో నువ్వే అడిగి తెలుసుకో. దాటుతుందనిపిస్తే ఒక కాగితం రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. నీకు అదే రక్ష. రాజమండ్రిలో రాళ్ళబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం ఉంది, గుర్తుపట్టడానికి అక్కడికి తీసుకెళ్ళి చూపించవచ్చు. ఇంగ్లండులో ఈ అలవాటు ఉన్నవాళ్ళు భూమి యజమాని అనుమతితో వెతికి, దొరికినవాటిని చాలామంది తమంతట తామే నమోదు చేయిస్తారు. 1997 నుంచి జరుగుతున్న ఆ నమోదులో పది లక్షలకి పైగా వస్తువులు చేరాయి, వాటితో పరిశోధనలే జరుగుతున్నాయి. మన దగ్గర అలాంటి ఏర్పాటు రావాలని నాకు ఎంతో కోరిక. రావాలంటే ముందు మనవాళ్ళ పేరు మంచిగా ఉండాలి.

రేవుగట్టు (రాజమండ్రి)

అక్క గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతానండి. మన రాష్ట్రంలో గుప్తనిధులంటూ గుళ్ళు తవ్వే ముఠాల వల్ల, చేతిలో మిషను ఉన్న ప్రతివాణ్ణీ జనం అనుమానంగా చూస్తారు. చూడటం సహజం. కాబట్టి చీకటిపడ్డాక వెళ్ళొద్దు. ఒంటరిగా వెళ్ళొద్దు. స్థలం ఎవరిదో వాళ్ళ చేత రాయించుకున్న అనుమతి జేబులో ఉంచుకోండి. కాలవ గట్టయితే జలవనరుల శాఖ, ఊరి ఖాళీ జాగా అయితే మున్సిపాలిటీయో పంచాయతీయో. గుంట పూడ్చి కాలితో తొక్కి, గడ్డి పెళ్ళ మళ్ళీ అతికించి రావాలి. పైపులూ కేబుళ్ళూ ఉన్నచోట గునపం వాడకండి. దొరికిన మేకులూ గాజు పెంకులూ సంచిలో వేసుకుని బయటికి తెచ్చెయ్యండి. అది చూశాక చాలామంది మళ్ళీ రమ్మంటారు.

కోటిలింగాల (రాజమండ్రి)

గోదావరిలో పడిన నాణేల మాటేమిటి? రైలు బ్రిడ్జి మీంచి జనం వేసే డబ్బులు, పుష్కరాల్లో వేసే డబ్బులు. హేవలాక్ బ్రిడ్జి 1900లో తెరిచారు, 1997లో ఆపేశారు. అంటే దాదాపు నూరేళ్ళు రైల్లోంచి చిల్లర పడుతూనే ఉంది. ఎండాకాలం ఇసుక మేటలు తేలినప్పుడు మిషను పెడితే?

లాకులకాడ (రామచంద్రపురం)

అది నాకు మనసొప్పదండీ. దణ్ణం పెట్టుకుని గోదారమ్మకి వేసిన డబ్బు అది.

కోటిలింగాల (రాజమండ్రి)

మీ భక్తికి నమస్కారం. కానీ అయస్కాంతానికి తాడు కట్టి రేవుల్లో లాగే పిల్లలు ఎప్పటినుంచో ఉన్నారు కదా, వాళ్ళ పొట్ట గడుస్తోంది దానితో. అమ్మవారు వాళ్ళకి ఇచ్చిందనే నేననుకుంటాను.

నాణేల మాస్టారు (భీమవరం)

ఇద్దరి మాటా నాకు అర్థమవుతుంది. అయస్కాంతం గురించి మాత్రం తెలిసింది చెబుతాను. దానికి అంటుకునేవి ఈమధ్యకాలపు స్టీలు బిళ్ళలూ, 1947 నాటి నికెల్ రూపాయి లాంటి అచ్చమైన నికెల్ నాణేలూ. రాగి, కంచు, వెండి అంటుకోవు. కాబట్టి ఆ పిల్లల చేతికి రానిదే అడుగున ఇంకా మిగిలి ఉంది. మరి అది ఎంత అడుగున ఉందన్నదే ప్రశ్న. గోదావరి వరద మామూలు వరద కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి నీళ్ళు ఇసుక మేటల్ని మొత్తం ఎత్తి ఇంకోచోట పెడతాయి. బరువైన నాణెం ఇసుకలోకి దిగుతూ పోతుంది. నదిలో దొరికినదానికి చోటు అన్న ఆధారమే లేదు, అందుకే నాకు నది మీద ఆశ లేదు. 2027 పుష్కరాల పనుల్లో ఘాట్ల దగ్గర పాత మట్టి తీసి పోసినప్పుడు ఆ కుప్పల్ని అనుమతితో చూడటమే మేలు.

అత్తిలి ఆడపడుచు

నాకు వెతకడం కంటే తర్వాతి సంగతి తెలియాలి. మా మామగారి దొడ్లో కొబ్బరిచెట్లకి పాదులు తీస్తుంటే రాగి బిళ్ళలు దొరికాయి. పని అమ్మాయి చింతపండు పెట్టి తోమడానికి తీసుకెళ్ళింది. ఆపాను. ఆపడం మంచిదేనా?

చిల్లుకానీ (అమలాపురం)

వదిన గారూ, మీరు చేసింది చాలా మంచి పని! చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి తోమే పొడి, ఇసుక ఏదీ తగలనివ్వకండి. పులుపు పైపొరని తినేస్తుంది. ఆ పొరలోనే అక్షరాలు నిలిచి ఉంటాయి. బిళ్ళ మెరుస్తుంది గాని బొమ్మ పోతుంది, విలువా పోతుంది.

బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ మందుల షాపులోనో మెకానిక్ దగ్గరో దొరుకుతుంది. గాజు గిన్నెలో పోసి బిళ్ళలు అందులో వేసి ఉంచండి. రోజూ నీళ్ళు మార్చండి. మట్టి మెత్తబడ్డాక తుమ్మముల్లుతో నెమ్మదిగా, అక్షరాల పక్కన గీసుకుంటూ రండి. సూది వద్దు, గీతలు పడతాయి. ముదురు ఆకుపచ్చగానో నల్లగానో గట్టిగా ఉన్న పొర నాణేనికి కవచం, దాన్ని వదిలెయ్యండి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం జాగ్రత్త. ఉప్పు లోపలికి పోయిందన్నమాట, అది లోహాన్ని తింటూనే ఉంటుంది. అలాంటివి మిగతావాటి నుంచి వేరు చేసి, కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు వేసి గాలి చొరని డబ్బాలో పెట్టండి. మన తేమకి ఇది తప్పదు. మామూలు ప్లాస్టిక్ ఆల్బములు కూడా వద్దు, వాటిలో కొన్ని జిగురు వదిలి నాణేన్ని పచ్చగా చేస్తాయి.

అత్తిలి ఆడపడుచు

చాలా సంతోషం అన్నయ్య గారూ. ఇంకో మాట. మా మరిది రాములవారి పట్టాభిషేకం ఉన్న 1818 అర్ధణా కొన్నాడు, లక్షలు పలుకుతుందట.

నాణేల మాస్టారు (భీమవరం)

అమ్మా, గట్టిగా చెబుతున్నాను, ఈస్టిండియా కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వెయ్యలేదు. రాముడు, హనుమంతుడు, 1616, 1717, 1818 తారీఖులూ ఉన్నవన్నీ ఈమధ్య అమ్మకానికి తయారుచేసిన బిళ్ళలు. పూజగదిలో పెట్టుకోమనండి, డబ్బు మాత్రం పెట్టొద్దనండి. పాత నాణేలు కొంటామంటూ రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కమీషన్లు అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. తాను అలాంటి వ్యాపారం చెయ్యనని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది. మీ దొడ్లో దొరికిన ఆ రాగి బిళ్ళలే నిజమైనవి, వాటి ఫోటోలు పెట్టండి.

తణుకు కుర్రోడు

పెద్దలందరికీ చాలా థాంక్సండీ. రేకుల సెట్టింగ్ తీసేసి, పాత సంత జాగా అంచున రావిచెట్టు మొదట్లో తిప్పాను. మున్సిపాలిటీ వాళ్ళ కాగితం తీసుకున్నాకే. రేకులు తవ్వగా తవ్వగా వంకీల అంచు అణా బిళ్ళ ఒకటి వచ్చింది, అయిదో జార్జి బొమ్మ. ఆరంగుళాల లోతు. నల్లమట్టి. పక్కన పలక ముక్కా, గాజు ముక్కా ఉన్నాయి. నోటు పుస్తకంలో రాశాను మాస్టారూ. తారీఖు అంకెలు మట్టి కింద ఉన్నాయి, తోమలేదు, నీళ్ళల్లో వేశాను. పచ్చగాజు ముక్క కూడా దాచాలా?

నాణేల మాస్టారు (భీమవరం)

గాజు ముక్క కూడా అదే కవరులో వెయ్యి నాయనా. అదే లోతున, అదే మట్టిలో దొరికింది కదా. రంగూ, మందమూ, గీతలేమైనా ఉంటే అవీ రాయి. తారీఖు బయటపడ్డాక ఇక్కడే పెట్టు.

లాకులకాడ (రామచంద్రపురం)

శభాష్ తమ్ముడూ! వచ్చే వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేశాక మా లాకుల దగ్గరికి రా. అడుగున పూడిక తీసి గట్టు మీద పోస్తారు, ఆ మట్టి ఆరకముందే చూడాలి. ఆరితే రాయిలా గట్టిపడి తాపీ దిగదు. సెక్షనాఫీసులో ఇద్దరి పేర్లా కాగితం రాద్దాం. శాసనాలక్క గారు కూడా వస్తానంటే ఆవిడ పేరే ముందు రాస్తాను.

శాసనాలక్క

వస్తాను. మట్టి తీసే రోజు ముందే చెప్పండి, జల్లెడలూ కవర్లూ నేను తెస్తాను.